సాంకేతిక వార్తల అన్వేషణము: పరీక్షా విధానముల చరిత్ర

కంప్యూటరు విద్యలోను, తత్సంబంధములైన ఇతర సాంకేతిక విద్యలలోను దినదినము వెలువడు వార్తలను స్వయముగా ఏఱుకొని చదువుట నేడు ఏ యొక్కని వలనను అగు పని కాదు. అందుచే పాఠకుడు రెండు విధములైన మధ్యవర్తులను ఆశ్రయించుచున్నాడు. అనేక పత్రికల వార్తాశీర్షికలను ఒకచోట చేర్చి చూపు వార్తాసంకలన స్థానము మొదటిది. దీనినే అగ్రిగేటర్ అందురు. అడిగిన మాటకు తగిన పుటలను వెదకి యిచ్చు అన్వేషణ యంత్రము, అనగా సెర్చ్ ఇంజన్, రెండవది. వీనిలో ఏది మేలైనదని యడిగినచో వాడుకలో వినవచ్చు సమాధానము ఒక్కటే: నాకు కావలసినది దొరకినది, కనుక ఇది మంచిది. ఈ సమాధానము పరీక్షకు నిలుచునా యనుట ప్రస్తుత వ్యాసమున విచార్యాంశము. దొరకినదానిని చూచి యంత్రమును మెచ్చుకొనుట సులభము. దొరకకపోయినదానిని ఎవడు చూచును? ఈ ప్రశ్నను ఇంటర్నెట్టు పుట్టుటకు పూర్వమే గ్రంథాలయ శాస్త్రజ్ఞులు వేసికొనిరి. వారు పడిన పాట్లను, తరువాతివారు వానిని మఱచిన తీరును కాలక్రమమున పరిశీలింతము.

ముందుగా రెండు పారిభాషిక పదములను నిర్ణయించుకొనుట మేలు. ఒక విషయమునకు సంబంధించిన పత్రములు నూఱు కలవనుకొందము. యంత్రము ఇరువదింటిని తెచ్చి యిచ్చినది. వానిలో పదునెనిమిది సరియైనవి, రెండు పొరపాటున వచ్చినవి. తెచ్చినవానిలో సరియైనవాని పాలు శుద్ధి. ఉన్నవానిలో తెచ్చినవాని పాలు ప్రాప్తి. ఆంగ్లమున వీనికి ప్రిసిషన్, రీకాల్ అని పేర్లు. పై ఉదాహరణమున శుద్ధి నూటికి తొంబది, ప్రాప్తి నూటికి పదునెనిమిది. అయినను ఇట్టి యంత్రమును వాడిన పాఠకుడు మిక్కిలి సంతుష్టుడగును. ఏలయన శుద్ధి కంటికి కనబడును, ప్రాప్తి కనబడదు. మున్ముందు చెప్పబోవు చరిత్ర యంతయు ఈ యొక్క భేదము చుట్టును తిరుగుచున్నది.

అన్వేషణ పద్ధతులను పోటీకి నిలిపి పరీక్షించిన తొలి ప్రయత్నములలో 1953లో అమెరికాలో జరిగినది ముఖ్యము. ఆ దేశపు సైనిక సాంకేతిక పత్రముల సంస్థ యొక పక్షము. మోర్టిమర్ టౌబ్ స్థాపించిన డాక్యుమెంటేషన్ ఇన్‌కార్పొరేటెడ్ అను సంస్థ రెండవ పక్షము. మొదటివారిది విషయశీర్షికల పద్ధతి. టౌబ్ గారిది యూనిటర్మ్ అనబడు ఏకపద పద్ధతి. పత్రమునుండి విడివిడి మాటలను తీసి, వానినే సూచికలో నిలుపుట దాని స్వరూపము. 15,000 పత్రములు, 98 ప్రశ్నలు. ఉభయపక్షములును వేఱువేఱుగా వెదకి, తమకు దొరకినవానిని ఎదురెదురుగా ఉంచుకొనగా విచిత్రమైన స్థితి యేర్పడెను. సుమారు 1,400 పత్రములు ప్రశ్నలకు సంబంధించినవని ఇరువురును అంగీకరించిరి. ఒకరు సంబంధించినవనగా మఱొకరు కాదన్న పత్రములు 1,500కు మించెను! ఎవరి పద్ధతి గెలిచినదో తేలలేదు. కాని అంతకంటె విలువైన సంగతి యొకటి తేలినది: యంత్రమును కొలువవలెనన్న ముందు 'సంబంధము' అనగా నేమో నిర్ణయించుకొనవలెను, ఆ నిర్ణయము మనుష్యుని బుద్ధికే గాని యంత్రమునకు సాధ్యము కాదు.

ఈ చిక్కును ప్రయోగశాలా పద్ధతిలో విప్పజూచినవాడు సిరిల్ క్లెవర్డన్. ఇంగ్లండునందలి క్రాన్‌ఫీల్డు వైమానిక కళాశాలలో ఆయన గ్రంథపాలకుడు. 1950ల చివర మొదలై 1962లో ముగిసిన ప్రథమ ప్రయోగమున వైమానిక శాస్త్రమునకు సంబంధించిన 18,000 పత్రములకు నాలుగు పద్ధతులలో సూచికలు తయారైనవి. విశ్వదశాంశ వర్గీకరణము, అకారాది విషయశీర్షికలు, ముఖవిశ్లేషణాత్మక వర్గీకరణము, టౌబ్ గారి ఏకపద పద్ధతి అను ఈ నాలుగును 1,200 ప్రశ్నలతో పరీక్షింపబడెను. ఫలితము పండితులను కలవరపఱచినది. నాలుగు పద్ధతుల ప్రాప్తియు 74 నుండి 82 శాతము లోపుననే నిలిచెను. అందును పైచేయి, శాస్త్రగౌరవము తక్కువగా గల ఏకపద పద్ధతిదే. చివరి స్థానము ముఖవిశ్లేషణమునది.

ఈ ముఖవిశ్లేషణ సిద్ధాంతమునకు మూలపురుషుడు మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్. ఆర్. రంగనాథన్ గారు. గణితోపాధ్యాయుడుగా నుండి 1924లో గ్రంథపాలకపదవిని చేపట్టిన ఆ మహనీయుడు 1931లో గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములను ప్రకటించెను. క్రాన్‌ఫీల్డు ఫలితమును చూచి ఆయన సిద్ధాంతము ఓడినదని తలచుట తొందరపాటు. ఆ సూత్రములలో రెండవది పాఠకునికి తగిన గ్రంథము అందవలెననియు, మూడవది గ్రంథమునకు తగిన పాఠకుడు లభింపవలెననియు, నాలుగవది పాఠకుని కాలము వ్యర్థము కాకూడదనియు విధించుచున్నవి. నాలుగవ సూత్రము శుద్ధిని కోరును. మూడవది ప్రాప్తికి ప్రాణము. అది గ్రంథము పక్షమున వాదించును, కనబడకుండ మూలబడిన పత్రమునకును ఒక హక్కు కలదని చెప్పును. నేటి సెర్చ్ ఇంజన్ల నిర్మాతలు నాలుగవ సూత్రమును ఎఱుగకయే పాటించుచున్నారు. మూడవదానిని వారిలో తలచువారు అరుదు.

క్రాన్‌ఫీల్డు ప్రథమ ప్రయోగమునకు ఒక గట్టి ఆక్షేపణ వచ్చినది. అందలి ప్రశ్నలు సేకరణమునందున్న పత్రములను చదివియే కూర్చినవి. జవాబును ముందుంచుకొని ప్రశ్న వేయుట వంటిది. ఈ ఆక్షేపణను క్లెవర్డన్ మన్నించి, 1966 నాటికి ముగిసిన రెండవ ప్రయోగమున పద్ధతిని మార్చెను. పత్రములు 1,400 మాత్రమే. కాని ప్రశ్నలు పరిశోధకులవి. ఏ సందేహము తీర్చుకొనుటకై ఆ పరిశోధన చేసితిరని వ్యాసకర్తలనే యడిగి వానిని తెప్పించిరి. పట్టభద్ర విద్యార్థులు పత్రములను ఒక్కొక్కటిగా ప్రశ్నలతో పోల్చి చూచిరి. ఉన్నవెన్ని యను లెక్క ముందే తేలినందున ప్రాప్తిని కొలుచుటకు వీలు చిక్కినది. ఈ పర్యాయమును గెలుపు పత్రములోని సామాన్యపదములదే. వర్గీకరణములు, పర్యాయపద కోశములు ఎంత చక్కగా నిర్మించినను వానికంటె మేలు కాలేదు. నేటి సెర్చ్ ఇంజన్లు మాటలను యథాతథముగా సూచికలో ఎక్కించుటకు శాస్త్రీయమైన సమర్థనము తొలుత ఇక్కడ దొరకినదని చెప్పవచ్చును. అయితే ఆ మాటలు ఆంగ్లభాషా పదములనునది విస్మరింపరాదు. ఈ విషయమునకు తిరిగి వచ్చెదము.

1,400 పత్రములకు చెల్లిన న్యాయము పెద్ద సేకరణములకు చెల్లునా? 1985లో డేవిడ్ బ్లెయిర్, ఎం. ఇ. మారన్ అనువారు ప్రకటించిన పరిశోధనము దీనికి సమాధానము. ఒక పెద్ద వ్యాజ్యమునకు సంబంధించిన సుమారు 40,000 పత్రములు స్టెయిర్స్ అను కంప్యూటరు పద్ధతిలో ఎక్కింపబడి యుండెను. న్యాయవాదులు తమకు వలసిన పత్రములలో నూటికి 75 వంతులైనను దొరకినవని తృప్తిపడువఱకు వెదకించిరి. తరువాత దొరకనివానినుండి మచ్చు తీసి పరీక్షింపగా, నిజముగా దొరకినవి నూటికి సుమారు 20 మాత్రమేనని తేలినది. వెదకినవారు అజ్ఞులు కారు, అలసులు కారు. దొరకని పత్రము వలన జయాపజయములు తాఱుమాఱగునని ఎఱిగినవారు. అట్టివారి తృప్తియే ఇట్లు మోసపుచ్చినపుడు కాలక్షేపమునకు సాంకేతిక వార్తలు చూచువాని తృప్తికి విలువ యెంత? నా యెఱుకలో ఈ చరిత్రయందు దీనికి మించిన సాక్ష్యము లేదు.

1990లలో వరల్డ్ వైడ్ వెబ్ విస్తరించిన పిదప రంగము మాఱినది. 1994లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో మొదలిడిన యాహూ పట్టిక మనుష్యులు వర్గీకరించినది. 1995 డిసెంబరులో వెలువడిన ఆల్టవిస్టా పదములను యంత్రముతో ఎక్కించినది. పాత వర్గీకరణ, ఏకపద వివాదమే క్రొత్త వేషమున మరల వచ్చినదన్నమాట. 1998లో సెర్జీ బ్రిన్, లారీ పేజ్ ప్రకటించిన గూగుల్ వ్యాసము ఈ సందర్భమున పరిశోధక విద్యార్థులు శ్రద్ధగా చదువదగినది. 1955లో యూజీన్ గార్‌ఫీల్డు శాస్త్రవ్యాసములకు ప్రతిపాదించిన ఉల్లేఖన సూచిక వంటి భావమునే వారు లంకెలకు అన్వయించిరి. ఒక పుటకు ఇతర పుటలనుండి వచ్చు లంకెలు దానికి సాక్ష్యములు. అందు ఒక చక్కని పరీక్షయు కలదు. 1997 నవంబరు నాటికి, పేరుగల నాలుగు వ్యాపార యంత్రములకు వాని పేర్లనే ఇచ్చి వెదకగా, తన పుటను తానే మొదటి పది ఫలితములలో చూపగలిగినది ఒక్కటేనట! తెలిసిన వస్తువును వెదకించి యంత్రమును కొలుచు పద్ధతికి ఇంతకంటె సులభమైన ఉదాహరణము దొరకదు.

ఆ వ్యాసముననే మఱి రెండు సంగతులు కలవు. ప్రకటనల ఆదాయముతో నడచు యంత్రము ప్రకటనదారుల పక్షమునకు ఒఱగునని రచయితలు స్వయముగా హెచ్చరించిరి. తరువాత వారి సంస్థ ప్రకటనలతోడనే వృద్ధి చెందినదన్నది లోకవిదితము. రెండవది అంతగా ప్రచారము పొందలేదు. పాఠకుడు మొదటి కొన్ని ఫలితములనే చూచును గనుక, ప్రాప్తి తగ్గినను శుద్ధియే ముఖ్యమని వారు స్పష్టముగా వ్రాసిరి. అనగా ప్రాప్తిని విడుచుట పొరపాటున జరిగినది కాదు. బుద్ధిపూర్వకముగా చేసిన నిర్ణయము. వెబ్ అంతటను ఉన్నవెన్ని యని యెవడును లెక్కింపలేడు గనుక అది వ్యవహారజ్ఞానమే కావచ్చును. కాని నాటి నిర్ణయము నేడు సహజధర్మమువలె చెల్లుచున్నది.

లెక్కింపలేని దానిని అంచనా వేయు ఉపాయమును స్టీవ్ లారెన్స్, లీ గైల్స్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు చూపిరి. చెఱువులో చేపలెన్ని యని తెలియుటకు రెండుమార్లు వల వేసి, రెండు పర్యాయములును పడిన చేపలనుబట్టి మొత్తమును ఊహింతురు గదా. అట్లే రెండు యంత్రముల ఫలితములలో ఉమ్మడిగా వచ్చినవాని సంఖ్యనుబట్టి వారు వెబ్ పరిమాణమును అంచనా కట్టిరి. 1998లో ప్రకటించిన ఫలితము ప్రకారము ఏ యంత్రమును సూచీకరింపదగిన పుటలలో మూడవవంతుకు మించి ఎక్కింపలేదు. 1999 నాటికి పుటలు సుమారు 80 కోట్లకు పెరుగగా, ఏ యొక్క యంత్రము పాలును నూటికి 16ను మించలేదు. ఈ ఉపాయమునకు ప్రయోగశాల యక్కఱలేదు. ఒకే ప్రశ్నను రెండుచోట్ల వేసి, ఒకదానియందే కనబడిన వానిని లెక్కించినవాడు రెండవదాని లోపమును తెలిసికొనగలడు.

ఇక వార్తాసంకలన స్థానముల మాట. సాంకేతిక పాఠకులకై 1997లో రాబ్ మాల్డా స్లాష్‌డాట్‌ను స్థాపించెను. వార్తలను సంపాదకులు ఏఱుదురు; వానిపై పాఠకులు వ్రాయు వ్యాఖ్యలకు పాఠకులలోనే కొందఱు మార్కులు వేయుదురు. 1999లో ఆ మార్కులు వేసినవారి తీర్పులనే మఱికొందఱు విమర్శించు ఏర్పాటు వచ్చినది. పరీక్షకులను పరీక్షించు ఈ పద్ధతి విశ్వవిద్యాలయములకు క్రొత్త కాదు గాని, వార్తాలోకమునకు క్రొత్త. 2004 చివర వచ్చిన డిగ్ సంపాదకులను తొలగించి వార్తల ఎన్నికను ఓట్లకు విడిచెను. కొలది మంది చుఱుకైన సభ్యులే ముఖపత్రమును శాసించుచున్నారను ఆరోపణ త్వరలోనే బయలుదేఱినది. 2010 ఆగస్టులో చేసిన మార్పులతో పాఠకులు విసిగి, 2005లో పుట్టిన రెడిట్‌కు తరలిపోయిరి.

2007లో పాల్ గ్రహామ్ ఆరంభించిన హ్యాకర్ న్యూస్ ఓట్లకు కాలమును జోడించినది. వార్తకు వచ్చిన ఓట్లను దాని వయస్సుకు సంబంధించిన ఘాతముతో భాగింతురు. కనుక ఎంత గొప్ప వార్తయైనను స్వల్పకాలములో క్రిందికి జాఱును. దీని ఫలితమేమనగా, మొదటి గడియలలో ఎవరి కంటను పడని మంచి వ్యాసము మరల పైకి వచ్చుటకు మార్గము లేదు. నిర్వాహకులు ఈ లోపమును గుర్తించి, అట్లు మఱుగుపడినవానిలో మంచివానిని చేతితో ఏఱి రెండవ అవకాశ మిచ్చు పద్ధతిని పెట్టిరి. శుద్ధికై నిర్మించిన యంత్రమునకు ప్రాప్తికై చేసిన మరమ్మతు ఇది. ఇట్టి మరమ్మతు ఉన్నదా లేదా యని అడుగుట సంకలన స్థానములను పరీక్షించువానికి ప్రథమ కర్తవ్యమని నా అభిప్రాయము.

యంత్రము మీదనే భారమంతయు మోపినవారి యనుభవము వేఱు. మదరాసు ఐ.ఐ.టి.లో చదివిన కృష్ణ భరత్ రూపొందించిన గూగుల్ న్యూస్ 2002 సెప్టెంబరులో, సుమారు 4,000 ఆంగ్ల వార్తామూలములతో, మనుష్య సంపాదకులు లేకయే నడచునదిగా ప్రకటింపబడెను. ఆఱేండ్లకు, 2008 సెప్టెంబరులో, ఒక అనర్థము జరిగినది. యునైటెడ్ విమానసంస్థ దివాలా దాఖలును గూర్చి 2002లో ఒక చికాగో పత్రికలో వచ్చిన వార్త, వేఱొక పత్రిక వెబ్‌సైటులో తేదీ లేకుండ మరల కనబడెను. యంత్రము దానిని క్రొత్తవార్తగా గ్రహించి సూచికలో చేర్చెను. అది అటనుండి వ్యాపారవార్తల తంతికి ఎక్కగా, సెప్టెంబరు 8న ఆ సంస్థ వాటా వెల కొలది నిమిషములలో సుమారు 12 డాలర్లనుండి 3 డాలర్లకు పడిపోయెను. నిజము తెలిసిన పిదప వెల చాలవఱకు కోలుకొన్నది. నడుమ అమ్ముకొన్నవారి సొమ్ము తిరిగి రాలేదు. ఇందు ప్రతి మాటయు ఒకప్పుడు సత్యమే. తేదీ యొక్కటియే లోపించినది. ప్రాప్తి, శుద్ధి యను రెండు కొలతలకును అందని దోషమిది.

ఆ యేడాది డిసెంబరులోనే టెక్‌మీమ్ తన పద్ధతిని మార్చుకొన్నది. 2005లో గేబ్ రివెరా స్థాపించిన ఈ స్థానము సాంకేతిక వార్తలకు ప్రసిద్ధము. లంకెల తీరునుబట్టి యంత్రమే వార్తలను కూర్చెడిది. కేవలము యంత్రముతో వార్తలు సరిగా కుదురుట లేదని యొప్పుకొని రివెరా ఒక మనుష్య సంపాదకురాలిని నియమించెను. మూడేండ్లపాటు స్వయముగా నడపిన నిర్మాత చేసిన ఈ అంగీకారమును విమర్శకుల వాదములు నూఱింటికంటె ఎక్కువగా ఎంచవలెను.

సంకలన స్థానము మధ్యవర్తి మాత్రమే. మూలపత్రికకు త్రోవ చూపుట దాని ధర్మము. ఇటీవలి యంత్రములు త్రోవ చూపుటకు మాఱుగా తామే సమాధానము వ్రాయుచున్నవి. 2024 మేలో గూగుల్ వారి యంత్రసమాధానము పిజ్జాపై జున్ను అంటుకొనుటకు జిగురు కలుపుమని చెప్పినది. దానికి మూలము రెడిట్‌లో పదకొండేండ్ల క్రిందట ఎవరో చేసిన పరిహాసము. 2025 అక్టోబరులో యూరపు ప్రసారసంస్థల సంఘము, బీబీసీ కలసి ప్రకటించిన పరిశీలనమున, 18 దేశములలో వార్తలను గూర్చి అడిగిన ప్రశ్నలకు ఇట్టి యంత్రములిచ్చిన సమాధానములలో 45 శాతమున ముఖ్యమైన దోష మొకటియైనను కలదనియు, 31 శాతమున మూలములను చూపుటయందే తీవ్రలోపములు కలవనియు తేలినది. లంకెల పట్టికలో కనబడనిది ఏదో ఉన్నదని యూహించుటకైనను అవకాశముండెడిది; చక్కని వాక్యములలో కూర్చిన సమాధానము ఆ సందేహమునకైనను చోటు విడువదు.

ఈ చరిత్ర అంతయు ఆంగ్లభాషను ఆధారముగా చేసికొన్నది. తెలుగున సాంకేతిక వార్తలు వెదకువానికి ఇందేది వర్తించును? యూనికోడు వాడుకలోనికి రాకమునుపు తెలుగు దినపత్రికల వెబ్‌సైటులు ఎవరి ఖతిని వారు, ఎవరి సంకేతములను వారు వాడిరి. తెరమీద తెలుగక్షరమే, లోపల వేఱు సంకేతము. యంత్రమునకు అది అర్థము లేని లిపి. శీర్షిక కంటి యెదుటనున్నను వెదకినచో దొరకదు. ఆ పుటల విషయమున ప్రాప్తి శూన్యము. వానిని యూనికోడులోనికి మార్చుటకు 'పద్మ' వంటి సాధనములు పుట్టినవి. ఆ దశకముననే తెలుగు బ్లాగులను ఒకచోట చూపుటకు 'కూడలి', 'జల్లెడ' అను సంకలన స్థానములు వెలసినవి. ఆ పేర్లు పెట్టినవారు ఎంత ఆలోచించి పెట్టిరో గాని, అన్ని త్రోవలు కలియు కూడలి ప్రాప్తిని, పొట్టు వేఱుచేయు జల్లెడ శుద్ధిని తెలుపుచు మన రెండు పారిభాషిక పదములకును అచ్చతెనుగు సేతలైనవి.

యూనికోడుతో లిపి చిక్కు తీఱినను భాష చిక్కు తీఱలేదు. ఆంగ్లమున శాటిలైట్ అను మాటకు బహువచన మొకటి చేరినచో రూపభేదము ముగిసినట్లే. తెలుగున ఉపగ్రహం, ఉపగ్రహాలు, ఉపగ్రహాన్ని, ఉపగ్రహానికి, ఉపగ్రహాల్లోని, ఉపగ్రహమొకటి అని విభక్తి, వచన, సంధులచే ఒకే మాట అనేక రూపములు దాల్చును. కంప్యూటర్, కంప్యూటరు అను వర్ణక్రమ భేదములు వేఱు. సామాన్యపదములే చాలునన్న క్రాన్‌ఫీల్డు తీర్పును తెలుగునకు యథాతథముగా తెచ్చుకొనరాదని నేననుటకు కారణమిదియే. వ్యాకరణవేత్త సాయము లేనిదే ఇచట ప్రాప్తి పెరుగదు. 2006లో యూరపునందలి క్లెఫ్ పరీక్షలో హైదరాబాదు ఐఐఐటీ పరిశోధకులు తెలుగు, హిందీ ప్రశ్నలతో ఆంగ్లపత్రములను వెదకు ప్రయోగము చేసిరి. 2008లో భారతీయ భాషల అన్వేషణమునకై ఫైర్ అను పరీక్షావేదిక మొదలైనది. క్లెవర్డన్ వేసిన బాట మన భాషలవఱకు వచ్చినదనుటకు ఇవి నిదర్శనములు.

తెలుగు శాఖలలో పరిశోధించువారు సాంకేతిక వార్తలను గూర్చి ఒక ప్రశ్నావళిని కూర్చుట కష్టము కాదు. తాము చదివిన వ్యాసములను ఏఱి వానిని యంత్రమున వెదకించుట, ఒకే ప్రశ్నను రెండుచోట్ల వేసి ఉమ్మడి ఫలితములను లెక్కించుట, తేదీని మూలమును సరిచూచుట, ఈ మూడును పైన చెప్పిన చరిత్రనుండి ఎత్తుకొనదగినవి. అయితే పని మొదలిడగానే 1953 నాటి వివాదమే ఎదురగును. 'కృత్రిమ మేధ' యని వెదకినపుడు 'కృత్రిమ మేధస్సు' అని వ్రాసిన వార్త వలయుననుటలో సందేహము లేదు. 'ఏఐ' అని మాత్రమే వ్రాసినదియు వలయును. 'మరమనిషి'ని గూర్చిన వార్త వలయునా, వలదా? ఇరువురు విద్యార్థులను వేఱువేఱు గదులలో కూర్చుండబెట్టి ఈ ప్రశ్నకు సమాధానము వ్రాయించి, ఆ కాగితములను పోల్చుటతో పని ఆరంభింపవలెను.